వారానికొక్క మాట: ఓ చిన్న చర్చి బడి లాగ్ బుక్

ప్రొడక్షన్ సపోర్టు చేసినవాళ్ళకి ఈ బాధ తెలుసు. రాత్రి రెండింటికి ఫోన్ మోగుతుంది. కళ్ళు నులుముకుంటూ లాగిన్ అయి లాగ్ ఫైలు తెరుస్తాం. ఏ టైముకి ఏం జరిగింది, ఏది ఫెయిలయింది, అంతే. ఆ కోడ్ రాసినవాడు జ్వరంతో రాశాడా, రిలీజ్ డేటు తరుముతుంటే రాశాడా, అవేవీ అందులో ఉండవు. ఉండకూడదు కూడా. లాగ్‌లో అభిప్రాయాలకి చోటు లేదని మా మొదటి మేనేజరు నేర్పిన పాఠం.

సరిగ్గా ఇదే రూలు నూట అరవై ఏళ్ళ కిందట ఇంగ్లండులో బడిపంతుళ్ళకి పెట్టారని ఈమధ్యే తెలిసింది. అప్పట్నుంచీ నాకో కొత్త పిచ్చి పట్టుకుంది. పాత పల్లెటూరి బడుల లాగ్ బుక్కులు చదవడం! (నవ్వకండి. కొందరు స్టాంపులు పోగేస్తారు, నేను ఇవి చదువుతాను.) అక్కడ కౌంటీ ఆర్కైవ్స్‌లో ఇవి వేలకొద్దీ దాచిపెట్టారు, చాలావాటిని స్కాన్ చేసి నెట్‌లో కూడా పెట్టారు. వాటి గురించి చెప్పాలనే ఈ టపా. కొంచెం పొడుగే, ఓపిక పట్టండి. చివర్లో మా ఊరి బడి కూడా వస్తుంది.

ముందు ఆ బడి ఎలా ఉండేదో ఊహించుకోండి. ఊళ్ళో చర్చి, దాని పక్కనే ఒకే ఒక్క గది. మధ్యలో బొగ్గుల పొయ్యి. యాభై అరవై మంది పిల్లలు, అయిదేళ్ళ వాళ్ళ నుంచి పన్నెండేళ్ళ వాళ్ళ దాకా. చేతిలో పలకలు. ఒక పంతులో పంతులమ్మో, సాయానికి పదమూడు పద్నాలుగేళ్ళ 'ప్యూపిల్ టీచర్'. అంటే అయిదేళ్ళ అప్రెంటిస్ అన్నమాట, మన ట్రైనీ ఇంజనీరు లాగా. చదువు ఊరికే రాదు, వారం వారం పిల్లలు ఒకటో రెండో పెన్నీలు తెచ్చి కట్టాలి. బడి పెత్తనమంతా చర్చి గురువుది, అంటే వికార్ గారిది.

1862లో ప్రభుత్వం ఒక కొత్త కోడ్ తెచ్చింది (మన కోడ్ కాదు లెండి, నిబంధనల కోడ్). దాని పేరు రివైజ్డ్ కోడ్. గ్రాంటు కావాలంటే ప్రతి బడీ ఒక గట్టి అట్ట వేసిన లాగ్ బుక్ పెట్టాలి. హెడ్మాస్టరు అందులో బడి సంగతులు క్లుప్తంగా రాయాలి. మొదట్లో రోజూ రాయమన్నారు, తర్వాత వారానికి కనీసం ఒక్కసారైనా అన్నారు. ఆఖర్న ఒక హెచ్చరిక: సాధారణ అభిప్రాయాలు, ఆలోచనలు రాయకూడదు. జరిగినవి మాత్రమే.

అలా రాస్తే ఎలా ఉంటుంది? కింద రాస్తున్నది ఏ ఒక్క బడిదీ కాదు. ఈ పుస్తకాల్లో పదే పదే కనిపించే తరహా మాటల్ని ఒక వారంగా నేనే కూర్చాను.

సోమవారం: జోరున వాన. దూరపు పొలాల నుంచి వచ్చే పిల్లలు రాలేదు. బూట్లు లేవట.

మంగళవారం: వికార్ గారు వచ్చి బైబిలు పాఠం చెప్పారు. రిజిస్టర్లు చూశారు.

బుధవారం: పెద్ద మగపిల్లలు నలుగురు పిట్టలు తోలడానికి పొలాలకి వెళ్ళారు.

గురువారం: వికార్ గారి భార్య వచ్చి ఆడపిల్లల కుట్టుపని చూశారు.

శుక్రవారం: ఒకటో స్టాండర్డు లెక్కల్లో వెనకబడింది. తమ్ముణ్ణి ఎత్తుకోవాలని ఒకమ్మాయిని ఇంట్లో ఆపేశారు. వారం సగటు హాజరు 41.

ఇంతే. ఇలాంటివి ఇరవై ముప్ఫై ఏళ్ళపాటు, పేజీల మీద పేజీలు. మొదటి పది పేజీలు విసుగు పుడుతుంది. ఇరవయ్యో పేజీ దాటాక పుస్తకం కింద పెట్టలేరు.

దీని సంగతి తర్వాత. ముందు ఈ బడులు ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పాలి. ఎందుకంటే ఆ కథలో మనవైపు ముక్క ఒకటుంది.

ఆండ్రూ బెల్ అని ఒక స్కాట్లండు ఆయన, 1787లో మద్రాసు వచ్చాడు. 1789లో ఎగ్మూరులో కంపెనీ సైనికుల అనాథ మగపిల్లల కోసం పెట్టిన ఆశ్రమ పాఠశాలకి సూపరింటెండెంటు అయ్యాడు. జీతగాళ్ళయిన టీచర్లు ఆయన మాట వినేవాళ్ళు కాదు. ఒకరోజు గుర్రమెక్కి పోతూ ఒక 'మలబారు' బడి చూశాడు. (అప్పట్లో తెల్లవాళ్ళు తమిళుల్ని మలబారులనేవాళ్ళు.) పిల్లలు నేలమీద ఇసక పరుచుకుని వేలితో అక్షరాలు దిద్దుతున్నారు. మన గుంట ఓనమాలే! కాగితం ఖర్చు లేదు, సిరా ఖర్చు లేదు. బెల్ తన బడికొచ్చి ఇదే చేయించమంటే టీచర్లు కుదరదన్నారు. అప్పుడాయన ఎనిమిదేళ్ళ జాన్ ఫ్రిస్కెన్ అనే కుర్రాణ్ణి పిలిచి చిన్నపిల్లలకి అక్షరాలు చెప్పమన్నాడు. వాడు చెప్పాడు, పిల్లలు నేర్చుకున్నారు. వచ్చినవాడు రానివాడికి నేర్పడం, పైన ఒక్క మాస్టరు. దీనికే 'మద్రాసు పద్ధతి' అని పేరొచ్చింది.

బెల్ 1796లో ఇండియా వదిలి వెళ్ళి, మరుసటేడు దీనిమీద ఒక చిన్న పుస్తకం వేశాడు. దాదాపు అదే కాలంలో జోసెఫ్ లాంకాస్టర్ అనే క్వేకరు లండన్లో ఇలాంటి పద్ధతే నడిపాడు. ఎవరిది ముందు అని ఇద్దరి అనుచరులకీ పెద్ద గొడవ. (ఓపెన్ సోర్స్‌లో ఎవరు ఎవర్ని ఫోర్క్ చేశారనే గొడవలు కొత్తవేం కాదు.) 1811లో ఇంగ్లండు చర్చివాళ్ళు బెల్ పద్ధతిని తీసుకుని, పేదపిల్లలకి చదువు చెప్పడానికి 'నేషనల్ సొసైటీ' పెట్టారు. దాని కిందనే ఊరూరా చర్చి బడులు లేచాయి. నేను పైన చెప్పిన ఒంటిగది బడి వాటిల్లో ఒకటనుకోండి. బెల్ పుట్టిన సెయింట్ ఆండ్రూస్‌లో 'మద్రాస్ కాలేజ్' అనే స్కూలు 1833లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. స్కాట్లండు వెళ్ళినవాళ్ళు ఆ బోర్డు చూసి ఆశ్చర్యపోకండి, మనూరి పేరే.

ఇది ఒక్క తమిళుల బడి గొప్పేం కాదు. 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్, మన్రో దొర అడిగిన లెక్కల ప్రకారం తన జిల్లా బడుల మీద రిపోర్టు రాశాడు. అప్పటి బళ్ళారి జిల్లా అంటే ఇప్పటి అనంతపురం వైపు కూడా అందులోదే. అన్ని భాషల బడులూ కలిపి 533, పిల్లలు 6,641. బడికి సగటున పన్నెండు మంది. పెద్దపిల్లలు చిన్నపిల్లలకి చెప్పే పద్ధతి మెచ్చుకోదగ్గదనీ, ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబేననీ ఆయన రాశాడు. అదే రిపోర్టులో, జనం పేదరికం వల్ల బడులు తగ్గిపోతున్నాయనీ, చదివించే స్తోమత చాలామందికి పోయిందనీ కూడా రాశాడు. మొదటి ముక్క పట్టుకుని మనం జబ్బలు చరుచుకుంటాం. రెండోది ఎవరూ ఎత్తరు. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ అరుగుల మీద బడుల్లో మాల మాదిగ పిల్లలకి చోటు దాదాపు లేనట్టే. ఆడపిల్లల సంఖ్యా అంతంతే. పాతదంతా బంగారమని నేననడం లేదు.

సరే, మళ్ళీ ఇంగ్లండుకి.

1833లో బడి కట్టడాలకి 20,000 పౌండ్లతో మొదలైన ప్రభుత్వ గ్రాంటు 1861 నాటికి 8 లక్షల పౌండ్లు దాటింది. ఇంత డబ్బు పోస్తున్నాం, పిల్లలకి చదువొస్తోందా అని పార్లమెంటులో అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి రాబర్ట్ లో అనే మంత్రి చెప్పిన జవాబే రివైజ్డ్ కోడ్. ఆయన సభలో చెప్పిన మాట సారాంశం ఇది: ఈ పద్ధతి చవగ్గా లేకపోతే పనైనా బాగా చేస్తుంది, పని బాగా చేయకపోతే చవగ్గానైనా ఉంటుంది. ఇంత శుభ్రంగా మన క్లయింట్లు కూడా చెప్పలేరు.

లెక్క ఇలా ఉండేది. పిల్లాడికి ఏడాదికి గరిష్ఠంగా 12 షిల్లింగులు. అందులో 4 సగటు హాజరుకి. మిగతా 8 పరీక్షకి. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక్కొక్క పిల్లాణ్ణీ చదవడం, రాయడం, లెక్కలు మూడింట్లో పరీక్ష చేస్తాడు. ఒకదాంట్లో తప్పితే 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. ఆ పరీక్షకి కూర్చోవాలంటే పిల్లాడు ఏడాదిలో 200 పూటలకి మించి హాజరవ్వాలి. ఆరు స్టాండర్డులు. ఒకటో స్టాండర్డుకి చిన్నచిన్న పదాలు చదివితే చాలు, ఆరో స్టాండర్డుకి న్యూస్‌పేపర్లో పేరా చదవాలి. చాలాచోట్ల పంతులుగారి జీతం కూడా ఈ గ్రాంటుకే ముడిపెట్టారు. దీన్ని 'పేమెంట్ బై రిజల్ట్స్' అన్నారు. 1865 నాటికి ప్రభుత్వ ఖర్చు సుమారు 6.4 లక్షల పౌండ్లకి దిగింది. చవగ్గానైనా ఉంటుందన్న మాట మాత్రం లో గారు నిలబెట్టుకున్నారు.

ఆ తర్వాత ఏం జరిగి ఉంటుందో అప్రైజల్ చూసిన ఎవరైనా చెప్పగలరు. దేన్ని కొలుస్తారో అదొక్కటే చెప్పారు. చాలా బడుల్లో చరిత్ర, భూగోళం మూలనపడ్డాయి. ఏడాదంతా ఒకే పుస్తకం బట్టీ పట్టించారు. కవిగా పేరున్న మాథ్యూ ఆర్నాల్డ్ 1851 నుంచి బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేశాడు. ఈ కోడ్ వస్తున్నప్పుడే ఉద్యోగం పోతుందేమోనన్న భయం పెట్టుకోకుండా దానికి వ్యతిరేకంగా రాశాడు. అయిదేళ్ళ తర్వాత రిపోర్టులో కూడా అదే మాట: సరిగ్గా తర్ఫీదిస్తే చదవడం రానివాణ్ణి కూడా చదువు పరీక్షలో పాస్ చేయించొచ్చు. ఇంకో ఇన్‌స్పెక్టరు రాసింది చదివి ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. కోరింత దగ్గుతో ఉన్న పిల్లల్నీ, మశూచి పొక్కులున్న పిల్లల్నీ దుప్పట్లు చుట్టి పరీక్షకి తెచ్చి కూర్చోబెట్టేవాళ్ళట. పిల్లాడు రాకపోతే 8 షిల్లింగులు పోతాయి కదా!

ఫ్లోరా థాంప్సన్ అనే రచయిత్రి తన 'లార్క్ రైజ్' (1939) పుస్తకంలో చిన్నప్పుడు చదివిన ఇలాంటి బడి గురించే రాసింది. ఆక్స్‌ఫర్డ్‌షైర్లో కాటిస్‌ఫర్డ్ అనే పల్లెలో చర్చి బడి. ఇన్‌స్పెక్టరు వచ్చే రోజున పిల్లలకీ పంతులమ్మకీ ఎంత వణుకో ఆవిడ చెబుతుంటే మనకి మన బళ్ళే గుర్తొస్తాయి.

ఇప్పుడు లాగ్ బుక్ దగ్గరికి వద్దాం. నాకు అర్థమైనంతలో అసలు విషయం ఇక్కడుంది.

హాజరు తగ్గితే డబ్బు తగ్గుతుంది. తగ్గినందుకు పంతులు జవాబు చెప్పుకోవాలి. అభిప్రాయాలు రాయకూడదు, వ్యవస్థని తిట్టకూడదు. మరేం చేస్తాడు? కారణం రాస్తాడు. ఎందుకు రాలేదో. అది అభిప్రాయం కాదు, జరిగిన సంగతి. అలా తన ఉద్యోగం కాపాడుకోవడానికి రాసుకున్న కారణాలే, ఇవాళ ఆ పల్లెల పేదపిల్లల బతుకు గురించి మనకి మిగిలిన సాక్ష్యం.

గోధుమ కోతలయ్యాక పొలంలో పరిగె ఏరడానికి తల్లులతో పోయారు. గడ్డి కోతలకి పోయారు. బంగాళాదుంపలు ఏరడానికి, పందుల మేతకి ఓక్ కాయలు ఏరడానికి పోయారు. కెంట్ వైపయితే బీరులో వేసే హాప్స్ కోతకి ఊళ్ళకి ఊళ్ళే కదిలాయి. కోతలు ఆలస్యమైతే బడి సెలవులే పొడిగించారు. తట్టు, స్కార్లెట్ ఫీవర్, డిఫ్తీరియా వచ్చి బడి మూతపడింది. కొన్నిసార్లు పిల్లల చావులు కూడా ఒక్క వాక్యంలో ఉంటాయి. ఆ వాక్యం తర్వాత మళ్ళీ మామూలే, రెండో స్టాండర్డు డిక్టేషన్ బాగుపడింది అని. ఏడవడానికి రూలు ఒప్పుకోదు మరి.

ఒక్కో ఎంట్రీ విడిగా చూస్తే సాకు లాగే ఉంటుంది. ముప్ఫై ఏళ్ళ సాకులు వరసగా చదివితే లెక్క తేలుతుంది. పిల్లలు బద్ధకంతో మానలేదు, వాళ్ళ కూలి లేకుండా ఇల్లు గడవదు. 1870 చట్టంతో చర్చి బడి లేనిచోట ప్రజల డబ్బుతో బోర్డు స్కూళ్ళొచ్చాయి. 1880లో పదేళ్ళ లోపు వాళ్ళకి చదువు తప్పనిసరి చేశారు. 1891లో చాలా బడుల్లో ఫీజు తీసేశారు. ఫలితాల లెక్కన గ్రాంటివ్వడం 1890ల్లో మెల్లమెల్లగా ఎత్తేశారు. ఈ లాగ్ బుక్కులు చూసే ఎత్తేశారని నేననను. కానీ ఆ మార్పులు ఎందుకు అవసరమయ్యాయో అన్నిటికన్నా బాగా చెప్పేవి ఇవే.

ఇక్కడ ఇంకో తిరకాసుంది. మద్రాసు నుంచి బడి పద్ధతి ఇంగ్లండు పోయింది. అక్కణ్ణుంచి ఈ ఫలితాల లెక్క మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది! మన మిషన్ బడులకీ, వీధి బడులకీ కూడా పిల్లల పరీక్షల్ని బట్టే గ్రాంటిచ్చే పద్ధతి దశాబ్దాలు నడిచింది. 1904లో కర్జన్ ప్రభుత్వం విద్యావిధాన తీర్మానంలో దీన్ని వదిలేస్తామని ప్రకటించింది.

కాగితం మీద వదిలేశారు. అలవాటు వదల్లేదు. ఇప్పుడు మా బడి కథ.

నేను అయిదో తరగతి దాకా చదివింది గుంటూరు జిల్లాలో ఒక చిన్న ఎయిడెడ్ మిషన్ బడిలో. పేరు చెప్పను. ఆ ప్రాంతంలో మిషన్ బడుల చరిత్ర 1842లో వచ్చిన లూథరన్ ఫాదర్ హయ్యర్ నుంచీ ఉంది. వీధి బడి అరుగు ఎక్కనివ్వని పిల్లల్లో చాలామందికి మొదటి పలక పట్టించినవి అలాంటి బడులే. ఆ రుణం నేను మర్చిపోను. రెండు గదులు, ఒక చింతచెట్టు, పొద్దున్నే ప్రార్థన, శుక్రవారం సాయంత్రం పాటలు. మా మేష్టారు మంచివారు. ఆయన రాయడానికి పూనుకుంటే పేర్లు పిలిచే పని నాది. క్లాస్ లీడర్ని నేనే మరి. జాన్ ఫ్రిస్కెన్ ఉద్యోగం అన్నమాట!

నా పక్కన ఒకడు కూర్చునేవాడు. లెక్కల్లో నాకంటే చురుకు. నోటి లెక్క నేను వేళ్ళు మడిచేలోపు చెప్పేసేవాడు. అయిదో తరగతిలో, మిరప కోతల రోజుల్లో, రావడం మానేశాడు. వాళ్ళమ్మ కాయ కోతకి వెళ్తే గట్టు మీద చంటి చెల్లెల్ని ఎత్తుకోవాలి. నాకు తెలుసు. మా ఇంటికి పాలకి వెళ్ళే దారిలోనే ఆ చేను. రోజూ చూసేవాణ్ణి. రోజూ బడిలో వాడి పేరు పిలిచి, జవాబు లేదని మేష్టారికి చెప్పేవాణ్ణి. ఎందుకు రాలేదని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. రిజిస్టర్లో కారణానికి గడి లేదు.

కొన్నాళ్ళకి ఇన్‌స్పెక్షన్ వస్తోందన్నారు. హాజరు శాతం బాగా కనబడాలి. మేష్టారు ఎర్ర సిరా తీసుకుని, స్కేలు పెట్టి, పొడుగున రానివాళ్ళ పేర్లు కొట్టేశారు. అందులో వాడిదొకటి. రిజిస్టరు ఆయన వైపు తిప్పి పట్టుకున్నది నేను. ఆ నెల మా క్లాసు హాజరు శాతం బ్రహ్మాండం. కోతలయ్యాక వాడు బడికొచ్చాడో లేదో కూడా నాకు సరిగ్గా గుర్తులేదు. వచ్చినా వాడి పేరు నేను పిలవలేదు, పిలవడానికి పేరు లేదు కదా. నేను ఆరో తరగతికి టౌనుకి వచ్చేశాను. ఇలా కీబోర్డు ముందు తేలాను.

మేష్టార్ని తప్పుపట్టాలని రాయడం లేదు. ఆయన మీదున్న ఒత్తిడి ఇప్పుడు నాకు అర్థమవుతుంది. నేనూ టీముని నడుపుతున్నాను, డాష్‌బోర్డు పచ్చగా కనబడాలని నాకూ ఉంటుంది. గ్రాఫు కిందకి లాగుతున్న పేరుని వేరే ప్రాజెక్టుకి పంపేస్తే గ్రాఫు దానంతటదే లేస్తుంది. చేశానా అని అడక్కండి.

ఆ ఇంగ్లండు పంతుళ్ళు మనకంటే దయగలవాళ్ళని కూడా నేననుకోవడం లేదు. వాళ్ళూ బెత్తం ఆడించినవాళ్ళే. కానీ వాళ్ళ పుస్తకంలో ఒక్క వాక్యం రాయడానికి చోటుంది. తమ్ముణ్ణి ఎత్తుకోవాలని ఆగిపోయిన ఆ అమ్మాయి నూట యాభై ఏళ్ళ తర్వాత హైదరాబాదులో కూర్చున్న నాకు తెలిసింది. చెల్లెల్ని ఎత్తుకోవాలని ఆగిపోయిన మా వాడు మా బడి రికార్డులో ఒక ఎర్ర గీత. అంకె రెండుచోట్లా ఉంది, కారణం ఒకచోటే ఉంది. తేడా అంతే. చిన్న తేడా కాదు.

అందుకే ఈమధ్య నేనొక పని చేస్తున్నాను. వారం స్టేటస్ రిపోర్టులో అంకె తగ్గినప్పుడల్లా పక్కన ఒక వాక్యం రాస్తున్నాను, ఎందుకు తగ్గిందో. పైవాళ్ళు చదువుతారన్న నమ్మకమేం లేదు. ఆ లాగ్ బుక్కులు కూడా అప్పట్లో ఎవరూ పట్టించుకుని చదివి ఉండరు.

మీ క్లాసులో మధ్యలో పేరు పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఎందుకు పోయిందో మీకు తెలుసా? తెలిస్తే ఎక్కడో ఒకచోట, ఒక్క వాక్యమైనా రాసిపెట్టండి.